ఆ పాప ఏ జెండా పట్టుకోవాలి? ఇంటర్నేషనల్ ప్రైమరీ బడుల్లో సంస్కృతుల పండగ వెనక ఉన్న చిక్కులు

అక్టోబరు రాగానే ఇంటర్నేషనల్ స్కూళ్ళ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. 24న ఐక్యరాజ్యసమితి దినోత్సవం. పిల్లలు జాతీయ దుస్తుల్లో రావాలి, తమ దేశం జెండా పట్టుకుని నడవాలి, ఒక్కో దేశం తరఫున ఒక్కో వంటకం తేవాలి. చదవడానికి సులువుగానే ఉంటుంది.

ఇప్పుడు ఒక పాపను ఊహించుకుందాం. నాన్నది గుంటూరు, అమ్మది కరీంనగర్. పాప పుట్టింది డాలస్‌లో, కాబట్టి పాస్‌పోర్టు అమెరికాది. ఓసీఐ కార్డు ఉంది గానీ అది పౌరసత్వం కాదు, జీవితకాలపు వీసా లాంటిది. ఇప్పుడు జెనీవాలో రెండో తరగతి చదువుతోంది. భారతదేశానికి చట్టం నిర్ణయించిన జాతీయ దుస్తులు లేనే లేవు. ఈ పాప ఏం వేసుకోవాలి? ఏ జెండా పట్టుకోవాలి? ఏ బల్ల వెనక నిలబడాలి?

మెసేజ్ పంపిన టీచర్‌ది చెడ్డ ఉద్దేశమేమీ కాదు. చిక్కల్లా ఆ మెసేజ్‌లో సంస్కృతికి కొలమానంగా దేశాన్ని పెట్టుకోవడంలో ఉంది. పిల్లలు పెరిగేది దేశంలో కన్నా ముందు ఇంట్లో.

ఏది ఇంటర్నేషనల్ స్కూల్?

ఈ తరహా బడుల్లో బాగా పాతది జెనీవాలో 1924లో మొదలైంది. నానాజాతి సమితి (లీగ్ ఆఫ్ నేషన్స్)లోనూ అంతర్జాతీయ కార్మిక సంస్థలోనూ పనిచేయడానికి రకరకాల దేశాల నుంచి వచ్చిన ఉద్యోగుల పిల్లల కోసం పెట్టిన బడి అది. అదే నగరంలో 1968లో ఇంటర్నేషనల్ బాకలారియేట్ సంస్థ పుట్టింది. అందరూ ఐబీ అనేది దాన్నే. 3 నుంచి 12 ఏళ్ళ పిల్లల కోసం అది ప్రైమరీ ఇయర్స్ ప్రోగ్రామ్‌ను, అంటే పీవైపీని, 1997లో తెచ్చింది. మన దగ్గర కూడా 1972లో పటాన్‌చెరులో అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చినప్పుడు, విదేశీ శాస్త్రవేత్తల పిల్లల చదువు కోసం హైదరాబాద్‌లో ఇలాంటి బడి అవసరమైంది.

ఇవాళ ఆ పేరు మూడు రకాల బడులకు వాడుతున్నారు. నలభై యాభై దేశాల పిల్లలు కలిసి చదివేవి ఒక రకం. పిల్లలు స్థానికులే అయినా ఐబీ, కేంబ్రిడ్జ్ లాంటి బయటి పాఠ్యప్రణాళిక నడిపేవి రెండో రకం. బోర్డు మీద తప్ప మరెక్కడా ఇంటర్నేషనల్ అన్నది లేనివి మూడో రకం. వీటికి మన ఊళ్ళలో కొదవ లేదు.

ఈ తేడా పట్టించుకోకుండా జెనీవా పండగను గచ్చిబౌలిలో దించితే వింతగా తయారవుతుంది. తరగతిలో దాదాపు అందరూ భారతీయులే కాబట్టి చీటీలు తీసి దేశాలు పంచుతారు: రెండు-ఎ జపాన్, రెండు-బి బ్రెజిల్. పిల్లలు చార్టు పేపరుతో కిమోనో చేసుకుని నడుస్తారు. అదే తరగతిలో ఇంట్లో తెలుగు, ఉర్దూ, మార్వాడీ, ఒడియా, తమిళం, లంబాడీ మాట్లాడే పిల్లలుంటారు. ఆ ఆరు భాషల ఊసు మాత్రం రాదు. ఎదురుగా ఉన్న వైవిధ్యాన్ని వదిలేసి, లేనిదాన్ని అట్టతో కట్టుకోవడమన్నమాట.

కనిపించే సంస్కృతి, కనిపించనిది

సంస్కృతిని నీళ్ళలో తేలే మంచుకొండతో పోల్చడం ఈ రంగంలో మామూలు. ఆ పోలికకు మూలంగా అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టి. హాల్ 1976లో చేసిన రచనను చెబుతారు. తిండి, బట్ట, పాట, పండగ నీళ్ళపైన కనిపించే భాగం. పెద్దలతో ఎలా మాట్లాడాలి, ఎప్పుడు మౌనంగా ఉండాలి, దేనికి సిగ్గుపడాలి అన్నవి నీటి అడుగున ఉంటాయి.

టీచరు మందలిస్తుంటే తెలుగు పిల్లవాడు తల దించుకుంటాడు. అది మర్యాద అని వాడికి ఇంట్లో నేర్పారు. కళ్ళలోకి చూసి వినడమే మర్యాద అనుకునే చోట పెరిగిన టీచరుకు అది నిర్లక్ష్యంలా కనబడుతుంది. ఇంకో ఉదాహరణ, 'నలభై భాషల్లో హలో' పోస్టరు. తెలుగుకు అందులో 'నమస్కారం' అని రాస్తారు. ఏడేళ్ళ పిల్ల తోటి పిల్లకు నమస్కారం చెబితే ఇద్దరూ నవ్వుతారు. మన ఇళ్ళలో పలకరింపంటే 'వచ్చావా?', 'తిన్నావా?'. ఇక సెలవు తీసుకునేటప్పుడు 'వెళ్తాను' అనకూడదు, 'వెళ్ళొస్తాను' అనాలి. పోస్టరు మీద 'నమస్కారం' కన్నా ఈ ఒక్క మాట వివరిస్తేనే పక్కవాళ్ళకు తెలుగిల్లు ఎక్కువ అర్థమవుతుంది.

అన్నిటికన్నా ముందు ఎదురయ్యేది పేరు. మనకు ఇంటిపేరు ముందు. హంగేరీ, చైనా వాళ్ళకూ అంతే. స్పెయిన్ వాళ్ళకు ఇంటిపేర్లు రెండు. ఐస్‌లాండ్‌లో చాలామందికి ఇంటిపేరే ఉండదు, తండ్రి లేదా తల్లి పేరుకు 'కొడుకు', 'కూతురు' అని చేరుస్తారు. బడి సాఫ్ట్‌వేర్‌లో ఉండేవి మాత్రం రెండే గడులు. భారత పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో అసలు పేరు ఇంటిపేరు గడిలోకి జరిగి, పేరుండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. మొదటిపేరు తెలియదు అని దానర్థం. ఆ కాగితం చూసి హాజరుపట్టీ రాస్తే పిల్లవాడు 'ఫ్ను' అయిపోతాడు. చేరేటప్పుడు తల్లిదండ్రుల గొంతులోనే పది సెకన్లు పేరు రికార్డు చేసి టీచర్లకు పంపితే ఈ బెడద చాలావరకు పోతుంది. పైసా ఖర్చు లేదు.

ఉగాదితో నాలుగు మెట్లు

వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జేమ్స్ బ్యాంక్స్ బహుళ సంస్కృతుల చదువును నాలుగు మెట్లుగా విడదీశారు. వినడానికి పొడిగా ఉంటుంది. ఉగాదిని పెట్టి చూస్తే తేటపడుతుంది.

మొదటి మెట్టులో ఆరోజు ఒక తల్లి వచ్చి పచ్చడి రుచి చూపిస్తుంది. పిల్లలు వేపపువ్వుకు మొహం చిట్లిస్తారు, ఫోటో తీస్తారు, అయిపోతుంది. రెండో మెట్టులో ఉన్న సిలబస్‌కే ఒక వారం పాఠం అతికిస్తారు: షడ్రుచులు, తోరణం, పంచాంగ శ్రవణం. సమాచారం పెరిగింది, చూసే కోణం మాత్రం మారలేదు. ఉగాది ఇంకా 'వాళ్ళ' కొత్త సంవత్సరమే, జనవరి 1 'అసలైనది'.

మూడో మెట్టులో ప్రశ్నే మారుతుంది: ఏడాది ఎక్కడ మొదలవుతుందో ఎవరు నిర్ణయించారు? నాలుగు, అయిదు తరగతులకు ఇది మంచి లెక్కల పాఠం. పిల్లలకు నాలుగు తేదీలివ్వండి. ఉగాది 2023లో మార్చి 22, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. తేడాలు తీయమనండి. మొదట 18 రోజులు వెనక్కి జరిగింది. తర్వాత 10 రోజులు ముందుకు, ఆపైన 11 రోజులు ముందుకు వచ్చింది. ఎందుకిలా? పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులు, సూర్యుడి లెక్కలో ఏడాదికి 365. ఏటా 11 రోజులు తరుగు పడుతుంది. రెండున్నరేళ్ళు దాటి, మూడేళ్ళు నిండకముందే ఆ తరుగు ఒక నెలంత అవుతుంది. అప్పుడు అధికమాసం కలిపి సరిచేస్తారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది కాబట్టే 2024 ఉగాది అంత వెనక్కి పోయింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి మరుసటి ఉగాది ఏప్రిల్ 7కు జరుగుతుంది.

ఇక్కడి నుంచి తరగతిలోని మిగతా ఇళ్ళకు దారులు పడతాయి. యూదుల పంచాంగానిదీ ఇదే ఉపాయం: 19 ఏళ్ళలో 7 అధికమాసాలు. ఇస్లామీ పంచాంగంలో అధికమాసం లేదు, అందుకే రంజాన్ 33 ఏళ్ళలో అన్ని ఋతువులూ చుట్టివస్తుంది. ఇరాన్ వాళ్ళ కొత్త సంవత్సరం నౌరూజ్, పగలూ రాత్రీ సమానమయ్యే వసంత విషువత్తు రోజున వస్తుంది కాబట్టి మార్చి 20 లేదా 21 దగ్గర దాదాపు స్థిరంగా ఉంటుంది. తమిళ, పంజాబీ పిల్లలకు కొత్త ఏడాది ఏప్రిల్ 14 ప్రాంతంలో, ఎందుకంటే అది సౌరమానం. ఆ మాటతో 'భారతీయ కొత్త సంవత్సరం' అనేది ఒక్కటి కాదని భారతీయ పిల్లలకూ తెలిసిపోతుంది. పీవైపీలోని ఆరు ఇతివృత్తాల్లో స్థలకాలాల్లో మన చోటు ఎక్కడ అనేది ఒకటి, ప్రపంచం ఎలా పనిచేస్తుంది అనేది ఒకటి. ఈ పాఠం రెండిట్లోనూ ఇముడుతుంది. ఎవరి పండగా అతిథిగా రాలేదు, అన్నీ ఒకే ప్రశ్నకు జవాబులుగా వచ్చాయి.

నాలుగో మెట్టులో పిల్లలు బడి క్యాలెండర్ తెచ్చి ముందేసుకుంటారు. ఎవరి పండగ రోజున పరీక్ష పడింది? కొందరు పిల్లలు ఉపవాసంలో ఉన్న రోజున స్పోర్ట్స్ డే ఎండలో పెట్టారా? లెక్కేసి ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాస్తారు. ఒక్క తేదీ మారినా పిల్లలకు అర్థం కావలసింది అర్థమవుతుంది.

ఏటా అన్ని పండగలతోనూ నాలుగో మెట్టెక్కడం ఏ టీచరుకూ సాధ్యం కాదు. ఏడాదికి ఒక్కటి మూడో మెట్టు దాకా తీసుకెళ్తే అదే గొప్ప. మిగతావి పచ్చడి దగ్గరే ఆగినా నష్టం లేదు.

జెండాల ఊరేగింపులో ఏం తప్పుతాయి

ముందు చిన్న తప్పులు. టోకున కొన్న జెండాల కట్టలో అన్నీ ఒకే కొలతలో వస్తాయి. మన జెండా పొడవు వెడల్పులు 3:2, బ్రిటన్‌ది 2:1, స్విట్జర్లాండ్‌ది చదరం, నేపాల్‌ది అసలు దీర్ఘచతురస్రమే కాదు. ఇండోనేషియా జెండా తలకిందులైతే పోలండ్ అవుతుంది. ఫిలిప్పీన్స్ జెండాలో నీలం పైనుంటే శాంతి, ఎరుపు పైనుంటే యుద్ధం. అది తిరగబడితే నవ్వి ఊరుకోరు. సౌదీ జెండా మీద ఉన్నది షహాదా, ఇస్లాం విశ్వాస వాక్యం, కాబట్టి దాన్ని పేపరు ప్లేట్ల మీదా నేల స్టిక్కర్ల మీదా అచ్చు వేయకూడదు. స్టోర్‌రూమ్‌లోని పాత కట్టలో సిరియా జెండా ఉంటే చూసుకోండి, 2024 డిసెంబరు తర్వాత అది మారింది.

సమయం లెక్క కూడా ముందే వేసుకోవాలి. 45 దేశాలు, పేరు పిలిచి వేదిక దాటడానికి తలా 20 సెకన్లు అనుకుంటే 15 నిమిషాలు. నిజంగా నడిచేసరికి 25 అవుతుంది. నేల మీద కూర్చున్న కేజీ పిల్లలు అప్పటికే ఒకరి జుట్టు ఒకరు లాగుతుంటారు.

పెద్ద చిక్కు వేరే ఉంది. ఏ జెండా చెల్లుతుంది? మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఐక్యరాజ్యసమితిలోని 193 సభ్యదేశాల జెండాలే అనడం ఒకటి. బడికి వాదన తప్పుతుంది, తైవాన్ పిల్లవాడు మాత్రం వట్టి చేతులతో నిలబడతాడు. కుటుంబం ఏది చెబితే అది అనడం రెండోది. ఇల్లు వదిలి వచ్చిన అఫ్ఘాన్ కుటుంబం తాలిబాన్ రాకముందటి మూడు రంగుల జెండానే ఎంచుకుంటుంది, ఇంకొకరు అభ్యంతరం చెప్పవచ్చు. జెండాలే వద్దనడం మూడోది. ఎవరికీ నొప్పి ఉండదు గానీ, చిన్న దేశం నుంచి ఒంటరిగా వచ్చిన పిల్లకు తన జెండా చూసుకునే ఆ ఒక్క రోజూ పోతుంది. రెండో పద్ధతికి 'రెండు పట్టుకోవచ్చు, ఒక్కటీ పట్టుకోకపోవచ్చు' అన్న మాట చేర్చి, మూడు వారాల ముందే రాతపూర్వకంగా తెలియజేస్తే తగాదాలు తక్కువ.

మన రెండో తరగతి పాపలాంటి వాళ్ళకు ఈ రంగంలో 'థర్డ్ కల్చర్ కిడ్స్' అని పేరు. 1950ల్లో భారతదేశంలో ఉంటున్న అమెరికన్ కుటుంబాలను అధ్యయనం చేస్తూ సామాజికశాస్త్రవేత్త రూత్ ఉసీమ్ తెచ్చిన మాట అది. తల్లిదండ్రుల సంస్కృతి ఒకటి, ఉంటున్న ఊరిది ఒకటి, రెంటి మధ్య పిల్లలు అల్లుకునేది మూడోది. ఆ మూడోదానికి జెండా లేదు.

పులిహోర గిన్నెలో ఎన్ని అలర్జీలు?

'అన్నమే కదా, ఎవరికీ పడకపోవడమేముంది' అని మనవాళ్ళు ధీమాగా పట్టుకెళ్ళే వంటకం పులిహోర. యూరోపియన్ యూనియన్ చట్టం 14 రకాల అలర్జీ పదార్థాలను ప్రకటించి తీరాలంటుంది. ఆ జాబితా పక్కన పులిహోరను పెట్టి చూద్దాం. వేరుశనగపప్పు ఉంది. జీడిపప్పు ఉంది. తాలింపులో ఆవాలున్నాయి, ఆ జాబితాలో ఆవాలూ ఒకటి. కొన్ని ఇళ్ళలో నువ్వులపొడి చల్లుతారు, అది నాలుగోది. అయిదోది ఇంగువ. డబ్బాల్లో దొరికే ఇంగువలో చాలా రకాలకు మైదా కలుపుతారు, కాబట్టి గోధుమ పడని పిల్లకు అది ప్రమాదం. అమెరికా జాబితాలో 9 పదార్థాలే ఉంటాయి. అందులో నువ్వులు 2023 నుంచి చేరాయి, ఆవాలు లేవు. అంటే డాలస్‌లో రాయనక్కర్లేని పేరు యూరప్‌లో రాయాలి.

దీనికి పరిష్కారం పులిహోర మానేయడం కాదు. గిన్నె ముందు అట్టముక్క మీద వంటకం పేరుతో పాటు వేసిన ప్రతి దినుసూ, ఇంగువ సహా, రాయాలి. గిన్నెకో గరిటె ఉండాలి. ఒకే గరిటె నాలుగు గిన్నెల్లో తిరిగితే అట్టముక్కలన్నీ దండగ. అవతలి బల్లల మీదా మనకు తెలియనివి ఉంటాయి: కొరియా ఊరగాయ కిమ్చీలో తరచుగా చేప లేదా రొయ్యల సాస్, మార్ష్‌మెల్లోల్లో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్, పర్మెజాన్ చీజ్‌లో పాలను గడ్డకట్టించడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్. శాకాహారులకూ హలాల్ చూసుకునేవాళ్ళకూ ఇవి తెలియాలి.

వండిన అన్నానికి ఇంకో పేచీ ఉంది. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడుకులో చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి, మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. తెల్లవారి ఆరింటికి కలిపి మధ్యాహ్నం పన్నెండుకు పంచడమంటే ఆరు గంటలు. చింతపండు పులుపు కొంత అడ్డుకుంటుంది గానీ కంటి అంచనాతో పోసిన పులుసును నమ్మి పిల్లలకు పెట్టలేం. 60 డిగ్రీల పైన వేడిగానో, 5 డిగ్రీల లోపు చల్లగానో ఉంచాలి. ఆ వీలు లేకపోతే పంచడానికి రెండు గంటల లోపే వండాలి.

ఎంత వండాలి? రుచికి తలా 30 గ్రాములు చాలు. 120 మందికి 3.6 కిలోల అన్నం. కిలో బియ్యానికి రెండున్నర నుంచి మూడు కిలోల అన్నం వస్తుంది కాబట్టి కిలోన్నర బియ్యం సరిపోతుంది. అయిదు కిలోలు వండి సాయంత్రం బాధపడడం మన అలవాటు.

'ఇండియా' బల్ల మీద ఎవరుంటారు

దేశానికో బల్ల అనగానే భారతీయ తల్లిదండ్రుల మధ్య చిన్న పంచాయితీ మొదలవుతుంది. చివరికి సమోసా, చీర, హిందీ సినిమా పాట మిగులుతాయి. ఎవరికీ అభ్యంతరం లేనిదే గెలుస్తుంది కాబట్టి అది ఎవరింటి సంగతీ కాకుండా పోతుంది.

కొలమానం ఇల్లయితే బల్ల మారుతుంది. అక్టోబరు కాబట్టి కరీంనగర్ అమ్మ బతుకమ్మ చేయొచ్చు. జెనీవాలో తంగేడు, గునుగు దొరకవు. బంతి, చామంతి దొరుకుతాయి. ముందే పేర్చి బల్ల మీద పెడితే అది పూలగుత్తి అవుతుంది, అంతే. ఒక పళ్ళెం, రెండు బుట్టల పూలు ఇచ్చి గంటసేపు పిల్లల చేతనే వరుసలు పేర్పించి, మధ్యలో పెట్టి చుట్టూ చప్పట్లతో తిరిగితే అది బతుకమ్మ. గుంటూరు నాన్న గోంగూర కథ చెప్పొచ్చు. ఒకే ఇంట్లో రెండు పండగలు, రెండు యాసలు ఉంటాయని తెలిస్తే 'ఇండియా' అన్న మాట పిల్లలకు కొంచెం పెద్దదవుతుంది.

ఇక్కడొక గీత ఉంది. పండగ గురించి చెప్పడం వేరు, పూజ చేయించడం వేరు. గౌరమ్మను ఎందుకు పెడతారో చెప్పొచ్చు, అందరి చేతా దణ్ణం పెట్టించకూడదు. క్రిస్మస్ పాటలకూ ఇదే వర్తిస్తుంది, బడులు తరచుగా మరిచిపోయేదీ అక్కడే.

బట్టల సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది. 'జాతీయ దుస్తులు' అనే బదులు 'మీ ఇంట్లో పండక్కి వేసుకునేవి' అని రాస్తే చాలు, జీన్స్ అయినా సరే. పట్టులంగాతో జారుడుబల్ల ఎక్కుతారు కాబట్టి మార్చుకోవడానికి ఒక జత సంచిలో పెట్టాలి.

పోస్టరులో భాషలు, వరండాలో ఇంగ్లీషు

ఫిబ్రవరి 21 అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. 1952లో బంగ్లా కోసం ఢాకాలో ప్రాణాలిచ్చిన వారి జ్ఞాపకార్థం యునెస్కో 1999లో ప్రకటించింది. ఆరోజు గోడల నిండా లిపులు వెలుస్తాయి. మర్నాడు వరండాలో తెలుగు మాట్లాడితే 'ఇంగ్లీష్ ప్లీజ్' అని వినబడితే, పిల్లలు గోడను కాదు, ఆ గొంతునే గుర్తుపెట్టుకుంటారు.

ఇంగ్లీషు వెనకబడుతుందన్న తల్లిదండ్రుల భయం తీసిపారేయదగ్గది కాదు. కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ చెప్పిన లెక్క ఇక్కడ పనికొస్తుంది. కొత్త భాషలో ఆటల మాటలు రెండేళ్ళలో వచ్చేస్తాయి. పాఠం అర్థం చేసుకుని రాసేంత భాషకు అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. ఇంటి భాషలో నేర్చిన ఆలోచన రెండో భాషలోకి నడిచివస్తుందని కూడా ఆయన వాదన. కాబట్టి సైన్సు ప్రశ్నను ఇంట్లో తెలుగులో చర్చించి రావడం ఇంగ్లీషుకు గండి కొట్టడం కాదు.

పోస్టర్లు అచ్చు వేయించేవాళ్ళకు ఒక సలహా: కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు ఒత్తులు విడిపోతాయి, అరబిక్ అక్షరాలు విడివిడిగా తిరగబడి పడతాయి. ప్రెస్సుకు పంపే ముందు ఆ భాష చదవగలిగిన ఒక తల్లికో తండ్రికో చూపించండి.

అసలీ పండగ కావాలా?

వద్దనే వాళ్ళ వాదన బలమైనదే. అమెరికాలో బాలవిద్యా నిపుణురాలు లూయీజ్ డెర్మన్-స్పార్క్స్ బృందం 1989లోనే దీన్ని 'టూరిస్టు పాఠ్యక్రమం' అంది. పిల్లలను పర్యాటకుల్లా ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తిప్పి, వింతలు చూపించి, మళ్ళీ 'మామూలు' పాఠానికి తీసుకురావడం అని. మిగతా సంస్కృతులన్నిటికీ కలిపి ఒక నెల, ఆ 'మామూలు' సంస్కృతికి మాత్రం మిగతా ఏడాది. పైగా తరగతిలో ఉన్న ఒకే ఒక్క తెలుగు పిల్లను లేపి 'మీ దేశంలో ఎలా చేస్తారో చెప్పు' అంటే ఆ ఏడేళ్ళ పిల్ల వంద కోట్ల పైచిలుకు జనానికి ప్రతినిధి అయిపోతుంది.

కావాలనే వాళ్ళకూ కారణాలున్నాయి. ఆరేళ్ళ పిల్లలకు అందేది కనిపించేదే, మంచుకొండ అడుగు భాగం వాళ్ళకు చెప్పి అర్థం చేయించలేం. ఇంగ్లీషు రాని అమ్మమ్మ బడి గడప తొక్కేది ఏడాదికి ఆ ఒక్క రోజే. పేరెంట్-టీచర్ మీటింగుకు రాని మనిషి అరిసెల డబ్బాతో వస్తుంది, మరుసటిసారి మీటింగుకూ వస్తుంది. మూడో పక్షం ఇంటి సంగతి ఇంట్లోనే ఉండాలంటుంది. ఫ్రాన్స్ 2004 చట్టంతో ప్రభుత్వ బడుల్లో కొట్టొచ్చినట్టు కనిపించే మతచిహ్నాలను నిషేధించింది ఈ ఆలోచనతోనే. అందరూ సమానం అన్న హామీ అందులో ఉంది. అయితే బడికి తనదైన సంస్కృతి, సెలవులు, భాష లేనట్టు అది నటిస్తుందని విమర్శకులంటారు.

తూచి చూస్తే పండగ ఉండాలా వద్దా అన్నది అంత పెద్ద ప్రశ్నగా తోచదు. మిగతా రోజుల్లో హాజరుపట్టీ, లైబ్రరీ, క్యాలెండరు, వరండా సరిగ్గా ఉన్న బడిలో సమోసా బల్ల కూడా ముచ్చటగానే ఉంటుంది. అవి సరిగ్గా లేని బడిలో బతుకమ్మ కూడా అలంకారమే.

రెండో తరగతి పాప దగ్గరికి వస్తే, ఆమె ఇంటికి మెసేజ్ బదులు ఒక ఫారం వెళ్ళాలి. నాలుగు గడులు చాలు. పాప పేరు ఇంట్లో ఎలా పలుకుతారు? జెండా ఒకటా, రెండా, వద్దా? తెచ్చే వంటకంలో ఏమేం వేశారు? ఈ మూడూ అమ్మానాన్నలు నింపుతారు. నాలుగోది, వేదిక మీద మాట్లాడాలని ఉందా లేదా అన్నది, పాప తన చేత్తో టిక్కు పెట్టాలి. 'లేదు' అని పెడితే ఎందుకని అడగకూడదు.